తక్ గారి గొట్టం

ఆ శనివారం పొద్దున తక్ జేగ్వాన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వేడి అన్నంలోకి సోయా పులుసు పోసుకుని తినడం, బాల్కనీలో ఒక గొట్టం బిగించడం, ఆ పైన తీరిగ్గా కూర్చుని ఎన్నికల ఉపన్యాసం బట్టీ పట్టడం. వీటిలో పులుసు ఒక్కటే అనుకున్నట్టు జరిగింది. మిగతా రెండూ పులుసులో పడ్డాయి.

గొట్టం సంగతి చెప్పాలంటే ముందు బాయిలరు సంగతి చెప్పాలి. చున్‌చన్ ఊరి చలికి ఇల్లు ఇల్లులా ఉండాలంటే నేల వెచ్చగా ఉండాలి. నేల వెచ్చగా ఉండాలంటే దాని కింది గొట్టాల్లోకి వేడినీళ్ళు పంపే, బాల్కనీ గోడకి వేలాడే బాయిలరు గారి దయ ఉండాలి. పాతది చలికాలం మొదట్లోనే కన్ను మూస్తే తక్ గారు కొత్తది పెట్టించారు. ఈ కొత్త జాతి బాయిలరు మహా పిసినారి. పొగని కూడా ఊరికే పోనివ్వదు. అందులో మిగిలిన వేడిని సైతం పిండుకుని గానీ బయటికి వదలదు. అంతలా పిండితే పొగకి మాత్రం చెమట పట్టదూ? ఆ చెమట బాయిలరు అడుగున ఒక సన్నని గొట్టంలోంచి చుక్క చుక్కగా కారుతుంది. చుక్క చుక్కగా కారి, తక్ గారి భార్య ఇన్సుక్‌కి పట్టపగలే చుక్కలు చూపిస్తోంది.

ఎందుకంటే ఆ గొట్టం కింద ఉన్నది తూము కాదు, బకెట్టు. బాయిలరు బిగించిన మెకానిక్కు వెళుతూ వెళుతూ, "చలి దెబ్బకి ఊళ్ళో బాయిలర్లన్నీ పడకేశాయి సార్. వాటి సంగతి చూసుకుని మళ్ళీ వచ్చి, మీ గొట్టాన్ని ఆ మూల తూము దాకా లాగుతాను. అప్పటిదాకా ఈ బకెట్టే దిక్కు" అని చెప్పి పోయాడు. ఆ బకెట్టు నిండటం, ఇన్సుక్ పారబోయడం, అది మళ్ళీ నిండటం.

"ఏమండీ, పిల్ల పెద్దదై ఉద్యోగానికి వెళ్ళిందని సంతోషించానా, మళ్ళీ నాకో చంటిదాన్ని తెచ్చిపెట్టారు" అందామె ఆ పొద్దున బకెట్టు మోసుకెళుతూ. "పడుకునే ముందు చూడాలి, లేవగానే చూడాలి. ఎత్తితే బరువు, వదిలేస్తే తడుపు!"

"మెకానిక్కు కోసం కూర్చుంటే వసంతం వస్తుంది గానీ వాడు రాడు. నేను బిగిస్తానుండు" అన్నారు తక్ గారు.

"మీరా?"

"ఏం? గొట్టమే కదా! ఈ చివరొక కన్నం, ఆ చివరొక కన్నం. మధ్యలో ఏముంటుంది గనక?"

"మధ్యలో ఏమీ ఉండదు. ఆ లెక్కన మీకు బాగా అలవాటైన వస్తువే" అంది ఇన్సుక్.

ఇక్కడ తక్ గారి గురించి ఒక మాట. ఆయన డ్రైవింగు బడిలో గురువు. ఉద్యోగంలో చేరింది మొదలు కారులో పక్క సీట్లోనే కూర్చున్నారు. స్టీరింగు ఎప్పుడూ ఇంకొకరి చేతిలో, ప్రాణం తన అరచేతిలో. కాలి కింద ఒక బ్రేకు మాత్రం ఉంటుంది. అది తొక్కీ తొక్కీ ఆయన కుడికాలి చెప్పు ఎడమదానికన్నా ముందు అరుగుతుంది. జీవితంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి డ్రైవరు సీట్లో కూర్చోవాలని ఆయన కోరిక. కారులో కాదు, కాలనీలో. వచ్చే వారం ఆదివారం అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్ష ఎన్నిక. మూడో బ్లాకు ప్రతినిధిగా ఉన్న తక్ గారొక్కరే నిలబడ్డారు. మతి స్థిమితంగా ఉన్నవాడెవడూ ఆ పదవి జోలికి రాడు గనక పోటీ లేదు. అయినా జనం చేతులెత్తాలి. చేతులెత్తించాలి తప్ప చేతులెత్తేయకూడదు. ఆ ఆదివారం దాకా పేరు చెడకుండా ఉంటే చాలు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి; తక్ గారు మర్చిపోలేదు గానీ, ఆయన గొట్టం మర్చిపోయింది.

బజారుకెళ్ళి తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు, వంపు ముక్కలు, అతికే జిగురు తెచ్చారు. బాయిలరు బాల్కనీకి ఈ కొసన ఉంది, తూము ఆ కొసన ఉంది. మధ్యలో ఇన్సుక్ గారి సామ్రాజ్యం ఉంది. సోయా ముద్ద జాడీలు, మిరపముద్ద జాడీ, కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను.

"ఆ జాడీలు కాస్త జరుపు."

"జరపను. ఏడాదిగా పులుస్తున్న ముద్ద. కదిపారంటే మీకూ నాకూ మధ్య పులుస్తుంది."

గొట్టం ఏటవాలుగా దిగుతూ పోవాలని తక్ గారికి తెలుసు. కానీ దారిలో జాడీలున్నాయి. రోడ్డు మీద అడ్డం వస్తే ఏం చేస్తారు? ఫ్లైఓవరు కడతారు. తక్ గారూ కట్టారు. గొట్టం బాయిలరు దగ్గర బయల్దేరి, జాడీల మీదుగా ఠీవిగా పైకి లేచి, ఫ్రిజ్జు నెత్తిన కాసేపు విశ్రమించి, అవతల తూములోకి దిగింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నీళ్ళకి మాత్రం ముచ్చట వేయలేదు. అవి ఎత్తు ఎక్కనంటే ఎక్కనని మొరాయించి, వచ్చిన దారినే వెనక్కి మళ్ళి బాయిలరు కడుపులో నిలబడ్డాయి. బాయిలరు కాసేపు హుక్కా పీల్చినట్టు గుడగుడలాడింది. తర్వాత ఎర్రగా ఏదో అంకె వెలిగించి, ఆగిపోయింది. ఇంట్లో నేల చల్లబడింది. ఇన్సుక్ చూపు వేడెక్కింది.

"వాహనం ఆగిపోయినట్టుంది గురువుగారూ" అంది ఆమె. "తోయమంటారా?"

అప్పుడు పడింది తక్ గారి చూపు ఆ కన్నం మీద. బాయిలరు పక్కనే, బయటి గోడలో, ఏసీ గొట్టాల కోసం ఎప్పుడో కొట్టిన కన్నం. సగం ఖాళీగా ఉంది. జానెడు దూరం. ఏటవాలుకి ఏటవాలు, దారికి దారి. అడ్డదారిలో పోయేవాడు అడ్డంగా దొరుకుతాడని రోజూ నేర్చుకునేవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే మనిషి, ఆ మాట తన చెవిన మాత్రం వేసుకోలేదు. ఫ్లైఓవరు పీకేసి, గొట్టాన్ని కన్నంలోంచి బయటికి తోశారు. దాని మూతి బయట ఇనుప స్టాండు మీదున్న ఏసీ డబ్బా వెనక్కి చేరింది. మంచు పడితే మూసుకుపోతుందేమోనని ముందుచూపుతో గొట్టానికి వేడెక్కే కరెంటు తీగ చుట్టారు. ఇంకా ముందుచూపుతో, తీగ మీద డ్రైవింగు బడి నుంచి తెచ్చుకున్న పాత పసుపు గుడ్డ చుట్టి దారంతో కట్టారు. ఇంత ముందుచూపున్న మనిషికి కిందచూపు లేకపోవడమే ఈ కథ.

బాయిలరు మళ్ళీ వెలిగింది. నేల వెచ్చబడింది.

"ఇన్సుక్! ఇక బకెట్టు తీసెయ్!"

"నీళ్ళెటు పోతున్నాయండీ?"

"బయటికి."

"బయటికంటే?"

"బయటంటే బయటే. లోకం చాలా విశాలమైంది."

*

సోమవారానికి చలి ముదిరింది. కాలనీలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ గోడకొక స్పీకరు ఉంటుంది. దానికి నోరుంది గానీ మూత లేదు, తగ్గించలేము, ఆపలేము. అందులోంచి సంఘం మేనేజరు బోంగ్ గొంతు వినబడింది. "నివాసులకు మనవి. బాల్కనీ తూములు గడ్డకట్టాయి. పైవాళ్ళు వాషింగ్ మెషీను వేస్తే ఆ నీళ్ళు కిందవాళ్ళ బాల్కనీలోకి తన్నుకొస్తాయి. కాబట్టి చలి తగ్గేదాకా ఎవరూ మెషీను వెయ్యకూడదు." 

అది చాలదని తక్ గారు స్వయంగా వెళ్ళి మైకు పుచ్చుకున్నారు. ఎన్నికల ముందు మైకు దొరికితే వదులుకునేంత అమాయకుడు కాదు. "నేను మూడో బ్లాకు ప్రతినిధిని. మా బ్లాకులో ఒక్క చొక్కా ఉతికినా, వారి ఉతుకు నేను చూసుకుంటాను" అన్నారు. ఈ ఛలోక్తికి కాలనీ మొత్తం నవ్వుతుందనుకున్నారు. ఇన్సుక్ మాత్రం వంటింట్లో గరిటె జారవిడిచింది. మైకు దగ్గరున్న తక్ గారికి ఆ చప్పుడు వినబడలేదు.

బుధవారం పొద్దున తలుపు దబదబలాడింది. తెరిస్తే, అట్టడుగు అంతస్తు మేంగ్ బామ్మగారు. చేతిలో ముల్లంగి ఆకుల దండ. శీతకాలం పులుసులకని కిటికీ బయట ఎండగట్టుకున్న ఆకు అది. ఇప్పుడది ఆకులా లేదు, గాజు తొడుగులో పెట్టి అమ్మే నగలా ఉంది.

"ఏవయ్యా ప్రతినిధీ! నా ఆకు చూడు, నా గతి చూడు. ఊపితే గలగలమంటోంది. పళ్ళున్న రోజుల్లోనే ఇది నమల్లేను, ఇప్పుడెలా నమలను?"

"ఎలా జరిగింది బామ్మగారూ?"

"నన్నడుగుతావేం? పైనుంచి నీళ్ళొస్తున్నాయి. కిటికీ గడ్డకట్టుకుపోయింది. తెరుచుకోదు. రేపు నేను పోతే కిటికీలోంచి ఆత్మ కూడా బయటికి పోలేదు!"

తక్ గారు చెప్పులేసుకుని కిందికి పరుగెత్తారు. బోంగ్ మేనేజరూ వచ్చాడు. ముగ్గురూ తలలెత్తి చూశారు. మూడో అంతస్తు ఏసీ డబ్బా దగ్గర మొదలై, రెండో అంతస్తు మీదుగా, బామ్మగారి కిటికీ దాకా ఒక మంచుకడ్డీ ఏనుగు తొండంలా దిగింది. మూడో అంతస్తు ఏసీ డబ్బా ఎవరిది? తక్ గారిది. మరి తక్ గారేమన్నారు?

"మా డబ్బా మీద పడి కిందికి కారుతోంది. అంటే పైనుంచి వస్తోంది. పాపం, మా డబ్బా కూడా బాధితురాలే!"

"అంతే సార్" అన్నాడు బోంగ్. "తూము గడ్డకట్టిందని ఎవరో మెషీను గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి దొంగతనంగా ఉతుకుతున్నారు."

"మీ ఇంట్లో వేయడం లేదుగా?" అంది బామ్మ.

"బామ్మగారూ! మైకులో చెప్పిన నోటితో నేనే మెషీను వేస్తానా?"

తక్ గారు అబద్ధం ఆడలేదు. ఆయన జీవితంలో మెషీను వేయలేదు. దాని మీట ఎటు తిప్పాలో కూడా తెలియదు. గొట్టం సంగతి మాత్రం ఆ క్షణాన ఆయన బుర్రలోకి రానేలేదు. బకెట్టుతో పాటే దాన్ని కూడా తీసి పక్కన పెట్టేశారు. ఇప్పటికీ ఎర్రలైటు దగ్గర కారు ఆగినప్పుడు, పక్కనున్న శిష్యులకి ఈ కథ చెబుతూ, "కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడు నాకన్నా నయం. వాడు కనీసం పక్కింటివాళ్ళని దొంగలనడు" అంటారు.

ఆ రోజు నుంచి తక్ గారు మెట్లెక్కి దిగుతూ నేరపరిశోధన మొదలుపెట్టారు. పలకరించే నెపంతో కాలర్లు చూసేవారు. కరచాలనం నెపంతో చొక్కా చేతుల మడతలు వాసన చూసేవారు. బ్లాకులో వింత మార్పు వచ్చింది. ఎవరు ఎంత మాసి ఉంటే అంత నిజాయితీపరులు. రెండో అంతస్తులో కుడుముల దుకాణం నడిపే మొగుడూ పెళ్ళాలు, పిండి అంటిన ఏప్రన్లు ఇంట్లో కూడా విప్పకుండా తిరిగారు. ఐదో అంతస్తులో కొత్తగా తండ్రైన సన్ అనే ఆయన, భుజమ్మీద పిల్లాడు కక్కిన మరకని పతకంలా చూపించాడు. "చూడండి ప్రతినిధిగారూ, సోమవారంది! ఇది మంగళవారంది!"

"శభాష్! మీలాంటి మురికి మనుషులే కావాలి కాలనీకి" అని భుజం తట్టి, తర్వాత చెయ్యి తుడుచుకున్నారు తక్ గారు.

ఇంతమంది మాసిన మనుషుల మధ్య ఒక్క మనిషి మాత్రం మల్లెపువ్వులా మెరుస్తూ మెట్లు దిగేది. నాలుగో అంతస్తు ప్యో మిరాన్. సిటీ బస్సు డ్రైవరు. తెల్ల చొక్కా, తెల్ల గ్లవుజులు, మడత నలగదు. పైగా నాలుగో అంతస్తు. అంటే తక్ గారి డబ్బాకి సరిగ్గా పైన. పైపెచ్చు ఒకప్పుడు తక్ గారి శిష్యురాలే. వెనక్కి నడపమంటే ముందుకి నడిపి, బడి గోడకి కారు రుచి చూపించిన శిష్యురాలు. "అమ్మా, నువ్వు నడకకి మాత్రమే పనికొస్తావు" అని ఆయన అప్పట్లో తేల్చి చెప్పారు. ఇప్పుడామె ఊరందరినీ ఎక్కించుకుని తిప్పుతోంది.

తక్ గారు మెట్ల మలుపులో కాపు కాసి ఆపారు. "మిరాన్, చొక్కా చాలా తెల్లగా ఉందే!"

"థాంక్స్ మాస్టారూ."

"పొగడటం లేదు, అడుగుతున్నాను. ఎక్కడ ఉతికావు?"

ఆమె ముఖం మాడింది. "బట్టలు శుభ్రంగా ఉండటం నేరమా మాస్టారూ?"

"నేరం బట్టల్ది కాదు, నీళ్ళది. నీ కిటికీలోంచి కిందికి..."

"నా కిటికీ మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. అనుభవం చెబుతుంది."

"మీ అనుభవం నేను బస్సు నడపలేనని కూడా చెప్పింది" అని, గ్లవుజులు సర్దుకుని దిగిపోయింది మిరాన్. ఎక్కడ ఉతికిందో చెప్పనే లేదు. పౌరుషం గల మనిషి. అనుమానించినవాడికి సంజాయిషీ చెప్పే రకం కాదు. చెప్పలేదు గనక తక్ గారికి రూఢి అయిపోయింది. ఆ సాయంత్రం మైకులో, "పేరు చెప్పను గానీ, నాలుగో అంతస్తులో తెల్లచొక్కా వేసుకునే బస్సు డ్రైవరు ఒకరు ఆత్మపరిశీలన చేసుకోవాలి" అని ప్రకటించారు. పేరు చెప్పలేదు కదా, మర్యాద నిలబెట్టామనుకున్నారు. మర్నాటికల్లా మెట్లమీద మిరాన్‌ని ఎవరూ పలకరించలేదు. బామ్మగారైతే ఆమె బస్సు వస్తే ఎక్కకుండా, చలిలో నిలబడి వెనకాల బస్సు కోసం చూసింది.

*

మంచుకడ్డీకి ఈ రాజకీయాలు పట్టలేదు. తక్ గారింట్లో నేల ఎంత వెచ్చగా ఉంటే బయట అది అంత లావెక్కింది. చలి ఎక్కువైందని తక్ గారు బాయిలరు ఇంకాస్త పెంచారు. అది ఇంకాస్త చెమటోడ్చింది. కరెంటు తీగ తన పని తాను చేస్తూ చుక్క ఆగకుండా చూసుకుంది. ఆయన జన్మలో ఇంత సవ్యంగా పనిచేసిన వస్తువు ఇంకోటి బిగించలేదు. శనివారానికల్లా ఆ కడ్డీ మనిషి నడుమంత లావై, కింద నడిచేవాళ్ళ నెత్తిమీద వేలాడసాగింది. బోంగ్ భయపడి అగ్నిమాపక దళానికి ఫోను చేశాడు.

నిచ్చెన బండి వచ్చింది. బ్లాకు మొత్తం కిందికి దిగింది. పక్క బ్లాకులవాళ్ళూ వచ్చారు. మర్నాడు చేతులెత్తాల్సిన జనమంతా ఒక్కచోట! తక్ గారు తెల్లగా మెరిసే చొక్కా మీద కోటు తొడుక్కుని, చేతిలో మైకు గొట్టంతో రాతి గట్టు మీదికెక్కారు. ఒక పక్క నిచ్చెన పైకి లేస్తోంది, ఇంకో పక్క ఆయన గొంతు.

"మిత్రులారా! కాసేపట్లో ఈ మంచు మొదలు ఎక్కడుందో తేలిపోతుంది. అంతకుముందే తప్పు చేసినవారు తమంతట తాము ముందుకొస్తే గౌరవంగా ఉంటుంది!" అని మిరాన్ వైపు చూశారు.

మిరాన్ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చుట్టూ ఎవరూ లేరు. అందరూ ఒక అడుగు దూరం జరిగారు.

జనంలోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. ఇన్సుక్.

"ఆ అమ్మాయిని అనకండి" అంది, తల వంచుకుని. "ఉతికింది నేను."

మైకు కీచుమంది. "నువ్వా? నువ్వెందుకు ఉతికావు?"

"మీ చొక్కాలండీ! రోజుకొకటి వేసుకుని ఊళ్ళోవాళ్ళ కాలర్లు చూసొస్తున్నారే, మీ కాలరు ఎవరు ఉతికారనుకున్నారు? అలమరలో మొలుస్తున్నాయనుకున్నారా? ఒక్క విడతే వేశాను. తూములోకే వదిలాను. ఇంత మంచవుతుందని నాకేం తెలుసు?"

జనం తక్ గారి చొక్కా వైపు చూశారు. చలిలో ఆయన కోటు గుండీ పెట్టుకున్నారు. ఇంతలో కుడుముల దుకాణం ఆవిడ వెక్కుతూ బయటపడింది. "ఇన్సుక్ అక్కా, నువ్వొక్కదానివే నింద మొయ్యకు. మేమూ వేశాం. దుకాణంలో కట్టుకునేవన్నీ ఉతికేసి, పైకి మాత్రం పిండి పూసుకుని తిరిగాం!"

"నేనూ" అన్నాడు ఐదో అంతస్తు సన్. "పిల్లాడి బట్టలు. భుజమ్మీద మరక రోజూ కొత్తగా పెట్టుకున్నాను. పెరుగుతో."

"నేను ఆఫీసు కర్టెన్లు..." అని బోంగ్ నీళ్ళు నమిలాడు.

చివరికి అందరి కళ్ళూ మేంగ్ బామ్మగారి మీద పడ్డాయి. ఆమె ముల్లంగి దండ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఏం చూస్తారు? నేనుండేది కింద అంతస్తు. నా నీళ్ళు తన్నుకొస్తే నా ఇంట్లోకేగా వచ్చేది! ఒక దుప్పటి ఉతుక్కున్నాను. చంపేస్తారా?"

కాలనీలో ఉతకనివాడు లేడు. అందరూ దొంగలే, అందరూ మాసిన దొంగల వేషంలో తిరిగిన శుభ్రమైన దొంగలు. మిరాన్ మాత్రం నెమ్మదిగా అంది. "నాకైతే మా డిపోలోనే మెషీను ఉంది. యూనిఫాం అక్కడే ఉతుకుతారు. నన్ను అడిగుంటే చెప్పేదాన్ని. మాస్టారు అడగలేదు, తేల్చేశారు."

ఇక్కడ తెలివైనవాడెవడైనా గట్టు దిగి ఇంటికి పోతాడు. తక్ గారికి ఆ క్షణాన తన విజయమే కనిపించింది. మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"చూశారా! మిరాన్‌కి క్షమాపణలు. కానీ మీరంతా? నా భార్యతో సహా అందరూ నియమం తప్పారు. ఈ బ్లాకులో ఒక్క చుక్క కూడా బయటికి వదలని మనిషి నేనొక్కడినే! రేపు చేతులెత్తేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి!"

"మాస్టారూ" అంది మిరాన్, పైకి చూస్తూ. "అందరూ తూములోకి వదిలారు, అదీ ఒక్కొక్క విడతే. మరి ఆ మంచు ఇప్పటికీ కారుతూనే ఉందేం?"

అందరూ తలలెత్తారు. నిచ్చెన చివర నిలబడ్డ అగ్నిమాపక ఉద్యోగి గొడ్డలితో ఏసీ డబ్బా వెనక మంచు చెక్కుతున్నాడు. ఒక పెచ్చు ఊడింది. లోపల ఏదో పసుపుపచ్చగా కనిపించింది.

"ఇక్కడేదో గుడ్డ ఉంది!" అని అరిచాడు పైనుంచి. "దానిమీద ఏదో రాసుంది!"

"చదవండి! గట్టిగా చదవండి! అసలు దొంగ పేరేమో!" మైకులో కేక పెట్టారు తక్ గారు.

ఆ ఉద్యోగి చేత్తో మంచు తుడిచి, చదువు నేర్చుకుంటున్న పిల్లాడిలా ఒక్కొక్క మాటే విడదీసి అరిచాడు:

"కొత్త - డ్రైవరు. దయచేసి - ఓర్చుకోండి!"

కాలనీ మొత్తం గడ్డకట్టింది. ఆ ఊళ్ళో ఆ గుడ్డ తెలియనివాళ్ళు లేరు. తక్ గారి బడి కార్ల వెనక కట్టే గుడ్డ అది. దాని వెనక ఇరుక్కుని హారన్ కొట్టనివాళ్ళు ఆ జనంలో ఒక్కరూ లేరు.

"లోపల గొట్టం ఉంది" అన్నాడు పైనుంచి. "మూడో అంతస్తు బాయిలరుది. బట్టల నీళ్ళు కావు, బాయిలరు చెమట. ఇది బయటికి పెట్టినవాళ్ళెవరు?"

తక్ గారికి బకెట్టు గుర్తొచ్చింది. కన్నం గుర్తొచ్చింది. లోకం చాలా విశాలమైందని తనన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ విశాలమైన లోకంలో దాక్కోవడానికి ఒక్క మూల లేదు. చేతిలో మైకు దించారు గానీ, దాని మీట ఆపలేదు.

"ఇన్సుక్" అని ఆయన గొణిగింది ఐదు అంతస్తులకీ వినబడింది, "నన్ను ఎవరైనా చూస్తున్నారంటావా?"

"లేదండీ. మీ గొట్టాన్ని చూస్తున్నారు" అంది ఇన్సుక్. "మీరూ అదీ ఒకేలా ఉన్నారు కాబట్టి తేడా తెలియదు లెండి."

ముందు బామ్మగారు నవ్వింది, పళ్ళు లేకపోవడం వల్ల పూర్తిగా. తర్వాత అందరూ. వారంగా మురికి పూసుకుని తిరిగిన వాళ్ళందరికీ నవ్వు రావడం న్యాయమే. తక్ గారు గట్టు దిగి, నడుం వంచి, మిరాన్ ముందు నిలబడ్డారు. వంగినవారు మళ్ళీ లేవడం మర్చిపోయారు.

"మాస్టారూ, లేవండి. చలికి అలాగే బిగుసుకుపోతారు" అంది మిరాన్. "మిమ్మల్ని కూడా గొడ్డలితో చెక్కాల్సి వస్తుంది."

"అమ్మా, నువ్వు నడకకి మాత్రమే పనికొస్తావని అన్నాను."

"అన్నారు."

"నేను దానికీ పనికిరాను."

పైన గొట్టం తెగింది. మంచుకడ్డీ ముక్కలు ముక్కలుగా దిగింది. ఆ రాత్రి ఇన్సుక్ బకెట్టు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. పడుకునే ముందు ఎవరు చూడాలో, లేవగానే ఎవరు చూడాలో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆదివారం సంఘం సమావేశంలో తక్ గారు తన అభ్యర్థిత్వం ఉపసంహరించుకుంటున్నానని లేచి చెప్పారు. ఎవరూ వద్దనలేదు. వద్దంటారేమోనని కాసేపు నిలబడే చూశారు. చివరికి మేంగ్ బామ్మగారే నోరు విప్పింది.

"ఈ కాలనీలో ఉతకకుండా తెల్లగా ఉన్నది ఒక్కర్తే. మిరాన్‌ని పెట్టండి. దాని బస్సు ఎక్కకుండా నేను చలిలో నిలబడ్డాను. ఆ పాపం నాకెందుకు?"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. కొన్ని కాలర్లు ఇంకా మాసే ఉన్నాయి గానీ, చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

మిరాన్ తల గోక్కుంది. "నాకు బస్సు డ్యూటీలుంటాయి. కాలనీ పనులు ఒక్కదాన్నే చూడలేను. పక్కన ఉపాధ్యక్షుడిగా ఎవరైనా ఉంటే..." అని, వెనక వరసలో తల దాచుకుంటున్న మనిషి వైపు చూసింది. "మాస్టారూ, మీకు పక్కన కూర్చోవడం అలవాటే కదా?"

అలా తక్ గారికి పదవి దొరికింది. మళ్ళీ పక్క సీటే. కాకపోతే ఈసారి కాలి కింద బ్రేకు కూడా లేదు.